ఫ్యూజులో రెండో పోగు

మా నాయన తిరుపతిలో ఒక గుడి మడపల్లిలో వంట చేసేవారు. మడపల్లి అంటే దేవుడి వంటిల్లు. ఆయన శాంతమూర్తి. నాకు తెలిసి రెండే రెండు విషయాలకు కోపం వచ్చేది. పొంగలి అడుగంటడం ఒకటి. అడుగంటిన సంగతి చెప్పకుండా కలిపేయడం రెండోది. మొదటిదానికి కసిరి ఊరుకునేవారు. రెండోదానికి మాత్రం ఆ మనిషిని ఆ పూట మడపల్లి గడప తొక్కనిచ్చేవారు కాదు. "అడుగంటిందని చెప్తే ఇంకో గంగాళం పెట్టుకుంటాం. కలిపేసినావంటే మొత్తం మాడుకంపే కదరా," అనేవారు.

ఆ మాట వింటూ పెరిగిన నేనే ఒకసారి అడుగంటినదాన్ని కలిపేశాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను చేసిన పని కన్నా, దాన్ని ఓర్చుకున్న మనుషుల గురించి చెప్పాలని ఎక్కువగా ఉంది.

డెబ్బైల చివర్లో కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరాను. ఐరాల చుట్టుపక్కల ఊళ్ళు నా వంతుకు వచ్చాయి. తాతల నాటి మడపల్లి పని వదిలి స్తంభాలెక్కే పనికి పోతానంటే ఇంట్లో అందరూ గొణిగారు. నాయన మాత్రం, "నిప్పు దగ్గర పనే కదా, ఈడైనా ఆడైనా ఒకటే. జాగర్తగా ఉండు," అన్నారు. నొసట నామం పెట్టుకుని, భుజాన తాడు, నడుముకు బెల్టుతో సైకిలెక్కి పోతుంటే జనం నాకు పెట్టిన పేరు కరెంటు సామి. "ఈ పొద్దు పూజ ఏ స్తంభానికి సామీ?" అని ఆడవాళ్ళు కూడా ఎగతాళి చేసేవాళ్ళు. నాకు ముక్కు మీద కోపం. మొదట్లో మండిపడేవాణ్ణి. తర్వాత తర్వాత ఎవరైనా ఆ పేరుతో పిలవకపోతేనే వెలితిగా ఉండేది.

పని నేర్పింది మా లైన్ ఇన్‌స్పెక్టరు. చింతబరికెలా సన్నగా ఉండే మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోగానే ఆయన పైకి చూసేవాడు కాదు. కింద నిలబడి, తల పక్కకు వంచి వినేవాడు. ఒకే తీరున సన్నగా మూలుగుతుంటే సరే. గొంతు బొంగురుపోయిందంటే మోయలేనంత బరువు మోస్తోందని లెక్క. అప్పుడు కరెంటు ఆపి, తీగల్ని భూమికి కలిపాకే పైకెక్కి, డబ్బాకు చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు. నన్నూ చూడమనేవాడు. చేయి కాసేపు ఆనించి ఉంచగలిగితే పరవాలేదు. చటుక్కున లాగేసుకున్నామంటే కొన్ని మోటర్లు ఆపాల్సిందే.

"దీని కడుపులో ఉండేది రాగి అనుకుంటా ఉండావు నువ్వు," అన్నాడొకసారి. "రాగి చుట్టలే, కాదనను. ఆ రాగికి కాగితం చుట్టి, నూనెలో ముంచి పెట్టినారు. రాగి ఎంత వేడినైనా ఓర్చుకుంటాది. కాగితం ఒకసారి మాడినాదా, మళ్ళా తెల్లగా కాదు. రోజూ రోంత రోంత మాడతా ఉంటాది, పైకి తెలీదు. ఒకనాడు ఉన్నట్టుండి పోతాది. ఫీజు అంటే ఏందనుకున్నావు? వేడి పట్టలేక అది పెట్టే కేక. ఆ నోరు మాత్రం నొక్కొద్దప్పా."

నేను తలూపాను. తలూపడంలో నాకు మించినవాడు లేడు.

ఐరాలకు ఐదారు మైళ్ళలో ఒక ఊరుండేది. చెరుకు, చెనక్కాయ, కాసింత వరి. ఊరి బయట రెండు స్తంభాల మీద ట్రాన్స్‌ఫార్మర్. పన్నెండు బావుల మోటర్లకు సరిపోయేది. నేను పోయేనాటికి దాని మీద పద్దెనిమిది మోటర్లున్నాయి. అయినా నెట్టుకొచ్చేవాళ్ళే, ఒక్క పుల్ల లేకపోతే.

పుల్ల సంగతి చెప్పాలి. మోటరు స్టార్టరుకు ఒక పచ్చ బొత్తాం ఉంటుంది. నొక్కితే మోటరు తిరుగుతుంది. కరెంటు పోతే ఆగిపోతుంది. కరెంటు మళ్ళీ వచ్చాక మనిషి పోయి నొక్కాలి. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో ఆఫీసులో మాకే తెలిసేది కాదు. ఇల్లొకచోట, బావొకచోట. అందుకని రైతులు ఆ బొత్తాం లోపలికి పోయేట్టు నొక్కి, సందులో వేపపుల్ల ఇరికించేసేవాళ్ళు. కరెంటు వస్తే మోటరు దానంతటదే తిరిగేది. ఎవరికి వారు ఎంత తెలివైన పని చేశామా అని మురిసిపోయేవాళ్ళు. పద్దెనిమిది మందీ అంతే తెలివైనవాళ్ళు కావడంతో వచ్చింది చిక్కు. కరెంటు వచ్చిన క్షణాన పద్దెనిమిది మోటర్లూ ఒక్కసారిగా లేచేవి. లేచేటప్పుడు మోటరు లాగే కరెంటు తిరిగేటప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ గయ్యిమనేది. టప్పుమని ఫ్యూజు తెగేది. నేను సైకిలెక్కేవాణ్ణి.

ఎంత చెప్పినా విన్నారు కాదు. "పళ్ళు తోముకునే పుల్లలు స్టార్టర్లలో పెడతారా మీరు?" అని కేకలేసేవాణ్ణి. "మేము యాడ పెట్టినాం సామీ, ఆ పక్క బాయోళ్ళు పెట్టుంటారు," అనేవాళ్ళు. పక్క బావివాళ్ళు ఇటు చూపించేవాళ్ళు.

ఆ ఏడు ఎండలు దంచేశాయి. చెరుకు మోకాటి ఎత్తున ఉంది. నీళ్ళు తప్పితే దక్కదు. రోజుకు మూడుసార్లు ఫ్యూజు పోయేది. మూడుసార్లు నేను సైకిల్ తొక్కేవాణ్ణి. నా ఉద్యోగం ఇంకా టెంపరరీ. ఆ ఏడాదే పర్మనెంటు చేస్తారని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. ఒక మధ్యాహ్నం మూడోసారి స్తంభమెక్కాను. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. కింద ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనుకున్న చెరుకు తోట ఆయనదే. నేనెప్పుడొచ్చినా సంగటి ముద్ద మింగుతున్నవాడల్లా లేచి వచ్చి, నిచ్చెన పట్టుకుని, నేను అడిగింది నా సంచిలోంచి తీసి తాడుకు కట్టి పైకి పంపేవాడు. మాట తక్కువ మనిషి.

"పెద్దాయనా, ఫ్యూజు తీగ ఇంకో ముక్క పంపు," అన్నాను.

"ఇప్పుడే ఒకటి పంపితిని కదా సామీ."

"ఇంకోటి కావాల."

ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, ఇంకో ముక్క కోసి పంపాడు. అంత తొందరగా తెగకుండా, ఒక పోగు ఉండాల్సిన చోట రెండు పోగులు కలిపి పెట్టి బిగించాను. ఈ ఒక్క పొద్దుకే, రేపొచ్చి తీసేస్తాననుకున్నాను. లైన్ ఇన్‌స్పెక్టరు మాట గుర్తు రాలేదా అంటే వచ్చింది. రెండో పోగు బిగిస్తున్నప్పుడే వచ్చింది.

మర్నాడు ఫ్యూజు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. వారం గడిచింది. ఊళ్ళో నా పరపతి ఎక్కడికో పోయింది. "కరెంటు సామి చేతి చలవ చూసినారా? ఏం మంత్రమేసినాడో, ఫీజు పోవడమే లేదు," అన్నారు. ఒకరు వంకాయలిచ్చారు. ఒకరు బెల్లం దిమ్మ సైకిలుకు కట్టారు. నేను సిగ్గు లేకుండా అన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. రెండో పోగు తీసేస్తే మళ్ళీ మూడుసార్లు తొక్కాలి, పైగా ఈ పొగడ్తలూ ఉండవు. ట్రాన్స్‌ఫార్మర్ గొంతు బొంగురుపోయిందని రోజూ వినిపిస్తూనే ఉంది. చెవిటివాడిలా దాని కిందనుంచే పోయాను, వచ్చాను.

పదకొండో రోజు, శుక్రవారం పొద్దున పది గంటలప్పుడు అది పోయింది. నేను పోయేసరికి మాడిన నూనె కంపు చెరుకు తోటలన్నీ కమ్ముకుని ఉంది. డబ్బా పక్కలు ఉబ్బిపోయి, నూనె స్తంభాల వెంబడి కారుతోంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు తెచ్చే పెద్ద లైను వైపు ఫ్యూజులు ఎగిరిపోయాయి. నేను పెట్టిన రెండు పోగులు మాత్రం చెక్కుచెదరకుండా అట్లాగే ఉన్నాయి.

నేను చేసిన మొదటి పని, పైకెక్కి ఆ రెండు పోగులూ తీసేయడం. వాటి చోట ఒకే పోగు పెట్టి మధ్యలో కట్టరుతో కోసేశాను, కాలి తెగినట్టు. పాత ముక్కలు జేబులో వేసుకున్నాను. కిందికి దిగితే పెద్దాయన నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఎప్పుడొచ్చాడో నాకు తెలియదు.  నిచ్చెన దించి గెనిమ గట్టు మీద పెట్టి తన తోటలోకి పోయాడు.

మధ్యాహ్నానికి లైన్ ఇన్‌స్పెక్టరు వచ్చి అంతా చూశాడు. "ఫీజు పోయిందా?" అని అడిగాడు. "పోయింది సార్. రోంత ఆలస్యంగా పోయినట్టుంది," అన్నాను. ఆయన పైకెక్కి ఆ తెగిన కొనల్ని వేళ్ళతో తడిమి, దిగాక రిపోర్టు కాగితం మీద ఏమీ రాయకుండానే దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్తది రావడానికి నెల పైనే పడుతుందన్నాడు. ఆ మాటకు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఇక ఊళ్ళో మొదలైంది. ఎవరి పుల్ల వల్ల కాలింది? స్టార్టర్లన్నీ తిరిగి చూశారు. అప్పటికి అందరూ పుల్లలు పీకేసుకున్నారు. పీకనిది ఒక్క పెద్దాయన స్టార్టరులోదే. పైగా ఆయన మోటరు అందరికన్నా పెద్దది, ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరిది. ఇంకేం, దొంగ దొరికాడు. "నలుగురి నోట్లో మన్ను కొట్టినాడు," అన్నారు. ఆయన ఇంటికి నిప్పుకు కూడా పోవడం మానేశారు. చివరికి ఊరిపెద్ద తేల్చాడు: సోమవారం పొద్దున కాణిపాకంలో ప్రమాణం చేయాల.

మా వైపు దానికి మించిన కోర్టు లేదు. తలారా నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో వినాయకుడి ఎదట నిలబడి అబద్ధం చెప్పడానికి ఎంతటి మొండివాడికైనా కాళ్ళు వణుకుతాయి. అక్కడ తప్పు తేలినవాణ్ణి ఊరు మళ్ళీ మనిషిగా చూడదు.

ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. బిడ్డ పుట్టబోతోంది. చెప్పకపోతే నాకు నిచ్చెన పట్టిన మనిషి నా తప్పు మోస్తాడు. నా భార్యకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "మామగారికి తెలిస్తే ఏమంటారో మీకు తెలుసు కదా," అంది. అంతే. సోమవారం సైకిలెక్కి కాణిపాకం పోయాను కానీ, చెప్పడానికే పోతున్నానని నాకే నమ్మకం లేదు.

గుడి ఎదట ఊరి మగవాళ్ళంతా ఉన్నారు. కొబ్బరికాయల అంగళ్ళవాళ్ళు కూడా బేరాలాపి చూస్తున్నారు. పెద్దాయన తడిపంచెతో, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఊరిపెద్ద అడిగాడు.

"నీ స్టార్టర్లో పుల్ల పెట్టినావా లేదా? వినాయక సామి ముందర చెప్పు."

"పెట్టినాను," అన్నాడు పెద్దాయన. గుంపులో గోల లేచింది. ఆయన గొంతు పెంచలేదు. "నేను పెట్టినాను. మీరందరూ పెట్టినారు. మీరు పీకేసినారు, నేను పీకలేదు. అంతే తేడా. కానీ ట్రాన్స్‌ఫారం నా పుల్లకి కాలలేదని ఈడ ప్రమాణం చేస్తాను."

"మరి దేనికి కాలిందో చెప్పు!"

ఆయన గుడి వైపు తిరిగి దండం పెట్టాడు.

"నీకు తెలుసు. తెలిసి దాస్తా ఉండావు. చెప్పకుంటే నీదే తప్పని ఒప్పుకున్నట్టు," అన్నాడు ఊరిపెద్ద.

"అట్లే అనుకోండప్పా," అన్నాడు పెద్దాయన. "అది నేను చెప్పేది కాదు."

అంతమందిలో ఆయన నా వైపు కన్నెత్తి చూడలేదు. చూసి ఉంటే నేను బింకం తెచ్చుకునేవాణ్ణేమో. చూడకపోయేసరికి నా చెయ్యి జేబులోకి పోయింది. ఆయనకు అంతా తెలుసు. రెండో ముక్క కోసి పంపింది ఆయనే. నేను తీసేయడం చూసింది ఆయనే. ఒక్క మాట చెబితే ఆయన బయటపడతాడు. నా ఉద్యోగం కోసం ఆ మాట మింగి, తడిబట్టలతో ఊరి తిట్లన్నీ తింటున్నాడు.

నేను ముందుకొచ్చాను. జేబులోని ఆ రెండు పోగులూ తీసి అరచేతిలో పెట్టి చూపించాను. మూడు రోజులుగా వాటిని పారేయలేక మోస్తూనే ఉన్నాను.

"కాలింది నా వల్ల. ఒకటి ఉండాల్సిన చోట రెండు పెట్టినాను. పదేపదే రాలేక పెట్టినాను. వేడెక్కతా ఉందని తెలిసి కూడా తీయలేదు. కాలినాక దొరక్కుండా మార్చేసినాను. ఆయప్పది ఏ తప్పూ లేదు."

 గుంపులోంచి ఒకడు, "మా చెరుకు ఎండబెట్టి, మా వంకాయలు తిన్నావు కదరా!" అంటూ నా చొక్కా పట్టుకున్నాడు. వాడి మాటలో అబద్ధమేమీ లేదు. నేను చేతులు ఎత్తలేదు. ఆ చెయ్యి విడిపించింది పెద్దాయనే.

"వదలప్పా," అన్నాడు. "దొరకని తప్పు తానే ఒప్పుకున్నాడు. ఆయప్ప రెండు పోగులు ఏంటికి పెట్టినాడు? మనం పుల్లలు పెట్టబట్టి. రోజుకు మూడుతూర్లు ఎండలో తిప్పితిమి. ఒకనాడన్నా నీళ్ళు తాగుతావా అని అడిగితిమా మనం?"

 ఊరిపెద్ద తల దించుకున్నాడు. తర్వాత ఆయనే మొదట పోయి తల మీద నీళ్ళు పోసుకొచ్చాడు. వెనకే ఒక్కొక్కరూ పోయారు. ఆ పొద్దు పద్దెనిమిది బావులవాళ్ళూ తడిబట్టలతో నిలబడి, ఇక స్టార్టరులో పుల్ల పెట్టబోమని ప్రమాణం చేశారు. పొద్దుటి పూట ఎగువ తొమ్మిది బావులు, మధ్యాహ్నం మీద దిగువ తొమ్మిది అని వంతులు వేసుకున్నారు. ఒక మోటరు తిరుగుడు పట్టాకే ఇంకోటి వేయాలన్న సంగతి నేను చెప్పాను. నేనూ నీళ్ళు పోసుకుని వాళ్ళ పక్కన నిలబడ్డాను.  

అటునుంచి అటే ఆఫీసుకు పోయి లైన్ ఇన్‌స్పెక్టరుకు చెప్పాను. ఆయన బల్ల సొరుగులోంచి ఆ మడిచిన కాగితం తీశాడు. ఇంకా తెల్లగానే ఉంది. "కాలి తెగిన తీగకి కొనల్లో చిన్న ముద్ద గడతాది. నువ్వు కోసిందానికి లేదు. ఆ పొద్దే తెలుసు నాకు," అన్నాడు. "నీ నోటితో చెప్తావేమోనని రాయకుండా పెట్టుకున్నా. రేపు పొద్దున దాకా చూసి, నువ్వు రాకుంటే రాసేద్దామనుకున్నా." నా ఎదటే జరిగిందంతా ఉన్నదున్నట్టు రాశాడు. ఒక్క అక్షరం తగ్గించలేదు. చివర్లో మాత్రం, ఇతను తనంతట తానే వచ్చి చెప్పాడని ఒక వాక్యం చేర్చాడు. ఆ వాక్యమూ, "ఆయప్పే మాకు కావాల" అని ఆఫీసు మెట్ల మీద వచ్చి కూర్చున్న ఆ ఊరివాళ్ళూ కలిసి నా ఉద్యోగం నిలబెట్టారు. పర్మనెంటు మాత్రం రెండేళ్ళు వెనక్కి పోయింది. పోవాల్సిందే.

తిరుపతి పోయి నాయనకు చెప్పాను. ఆయన చేతిలో పని ఆపకుండా విన్నారు. చివరికి, "కలిపేసినావు. మళ్ళా చెప్పినావు," అన్నారు. లేచి, నాకు తానే అన్నం వడ్డించారు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసరికి నెల దాటింది. అప్పటికి ఊళ్ళో చెరుకు చాలావరకు వాడిపోయింది. పెద్దాయనది సగానికి సగం పోయింది. ఆ ఎండిన గడలు నేను చూడకుండా పోవాలని ఎంత ప్రయత్నించినా, దారి ఆ తోట గట్టు మీదనే. ఆ రోజు బిగించడమంతా అయ్యాక, చివరికి ఫ్యూజు వేయడానికి నేను పైకెక్కాను. చుట్టూ ఊరంతా ఉంది. పెద్దాయన ఎప్పటిలాగే నిచ్చెన పట్టుకున్నాడు.

"పెద్దాయనా, తీగ పంపు," అన్నాను. 

ఆయన తీగ చుట్ట విప్పి, ఒక ముక్క కోసి, తాడుకు కట్టి పంపాడు. మిగిలిన చుట్టను జాగ్రత్తగా మడిచి తన రొండిన దోపుకున్నాడు. తల ఎత్తి నన్ను చూసి, "చాలు కదా సామీ?" అన్నాడు.

"చాలు పెద్దాయనా," అన్నాను.

అక్కడ నేను పనిచేసిన తొమ్మిదేళ్ళూ ఆ ఊళ్ళో ఫ్యూజు తీగ చుట్ట నా సంచిలో లేదు. ఆయన రొండిననే ఉండేది. నేను స్తంభమెక్కినప్పుడల్లా వచ్చి, ఒక్క పోగు కోసి ఇచ్చేవాడు.